గోలీ చాయ్‌కు పోయింది

మా షాపులో సాయంత్రం చాయ్‌ వచ్చిందని చెప్పేది దాని వాసన కాదు, ఒక చప్పుడు. స్టీలు డబ్బా మూతలో గోలీ పడ్డ చప్పుడు. టంగుమని మోగి, మూతలో గుండ్రంగా నాలుగు చుట్లు తిరిగి, అలిగిన కోడలిలా ఒక పక్కకు చేరి ఊరుకుంటుంది. ఆ చప్పుడు వినగానే నా కుడిచెయ్యి దానంతట అదే బల్ల మీద నుంచి లేచి ఒళ్లో వెల్లకిలా పడుకుంటుంది. నాకంటే నా చేతికి బుద్ధి ఎక్కువ. నిన్న పెళ్లి ఫ్లెక్సీ కోసం వచ్చిన ఒక కొత్త గిరాకీ ఇదంతా చూసి నోరు తెరిచాడు. "ఏందక్కా గది, మౌస్‌లకెల్లి కనుగుడ్డు పీకినట్టు పీకినవు?" అన్నాడు. "గోలీ చాయ్‌కు పోయింది తమ్మీ. అది వచ్చేదాక నువ్వు గూడ కూసో" అన్నాను. పెళ్లికొడుకు అతనే కాబట్టి తొందరలో ఉన్నాడు. అయినా కూర్చున్నాడు. ఆ మాట విన్నవాళ్లు ఎవరైనా కూర్చుంటారు. ఎందుకంటే ఆ మాట నాది కాదు, ఈ షాపు పెట్టిన ఖమర్‌ ఆపాది. ఉర్దూలో ఆపా అంటే అక్క.

చూడనివాళ్లకు ఆ గోలీ ఏమిటో చెప్పాలి. మామూలు మౌసును బల్ల మీద అటూ ఇటూ తోస్తూ పని చేస్తాం. దానితోపాటు చెయ్యీ తిరగాలి, మణికట్టు మరీ తిరగాలి. నేను వాడేది కదలదు. తాబేలులా ఉన్నచోటే ఉంటుంది. దాని పక్కన, బొటనవేలికి అందేటట్టు, నిమ్మకాయకు తమ్ముడంత ఎర్రని గోలీ ఒకటి గుంటలో కూర్చుని ఉంటుంది. బొటనవేలితో గోలీని దొర్లిస్తే తెర మీద బాణం గుర్తు నడుస్తుంది. మణికట్టు మాత్రం మంచం మీద ఒరిగిన పెద్దమనిషిలా హాయిగా ఉంటుంది. దాన్ని ట్రాక్‌బాల్‌ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సిద్దిపేటలో, పాత బస్టాండు వెనక గల్లీలో, ఆపా షాపులో దాని పేరు గోలీయే.

చదువు సంగతిలో నాకు దాపరికం లేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్నూ, నేను లెక్కలనూ ఒకేసారి వదిలేసుకున్నాం. ఇద్దరమూ సుఖపడ్డాం. బాపు భివండిలో మరమగ్గాల మీద ఉండేవాడు. అవ్వ ఇంట్లో బీడీలు చుట్టేది. బడి మానేశాక నా ఒళ్లోకి కూడా ఒక చాట వచ్చింది, అందులో తునికాకూ తంబాకూ. చుట్టడంలో నా వేళ్లు చురుకు, నోరు ఇంకా చురుకు. నా పక్కన కూర్చుంటే నవ్వి నవ్వి పని సాగడం లేదని వాడకట్టు ఆడవాళ్లు నన్ను వాకిలి చివర కూర్చోబెట్టేవాళ్లు. అక్కడి నుంచి ఇంకా గట్టిగా మాట్లాడేదాన్ని. అట్లా ఇరవై దాటేదాకా గడిచింది.

ఒకరోజు అవ్వ రేషన్‌కార్డు దరఖాస్తు రాయించుకోవడానికి ఆపా షాపుకు వెళ్లింది, తోడు నేను వెళ్లాను. కళ్లద్దాలు తాడుకు కట్టుకుని, తల మీద దుపట్టా సర్దుకుంటూ కంప్యూటర్‌ ముందు కూర్చున్న లావుపాటి మనిషి అవ్వను వయసు అడిగింది.

"నాకేం ఎర్క బిడ్డా. నీకెంత అనిపిస్తే గంత కొట్టు" అంది అవ్వ.

"మరీ తక్కువ కొట్టకు ఆపా, మల్ల పెండ్లి జేస్కుంటనంటది" అన్నాను నేను.

ఆపా నవ్వింది. నవ్వితే ఆమె మొత్తం నవ్వేది, కుర్చీతో సహా. "నువ్వేం జేస్తవే?" అని అడిగింది.

"బీడీలు జేస్త, ఇకమతులు జేస్త."

"రెండోది మా దుకాణంల ముందుగాలనే మస్తుగుంది. చేతులు సూపియ్యి." నా వేళ్లను అంగట్లో బెండకాయలు విరిచి చూసినట్టు ఒక్కొక్కటీ వంచి చూసి, "బీడీ చుట్టిన ఏళ్లు ఊకె కూసోవు. రేపటి సంది రా. అక్షరాలు నేను నేర్పుత. ఇకమతులు ఇంట్ల పెట్టి రా" అంది. అక్షరాలు నేర్చుకున్నాను. ఇకమతులు, అంటే కొంటె ఉపాయాలు, మాత్రం నాతోపాటే వచ్చేవి, వాటికి ఇంట్లో పొద్దుపోదు.

ఖమర్‌ ఆపా మెత్తని మనిషి కాదు. భర్త పోయాక ఒక టైపు మిషను పెట్టుకుని, కోర్టు కాగితాలు కొట్టి, ఆ షాపు నిలబెట్టింది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ కొట్టేది. తిట్టాలంటే తెలుగు, లాలించాలంటే ఉర్దూ. అందుకే మా గిరాకీలకు ఉర్దూ తక్కువ వినపడేది. పని తప్పు చేస్తే కాగితం నా మొహం మీద విసిరేది. బాగా చేస్తే ఏమీ అనేది కాదు, తన డబ్బాలోని ఖర్జూరం ఒకటి నా బల్ల మీద పెట్టి వెళ్లేది. ఖర్జూరం గింజలన్నీ కిటికీలో దాచుకునేదాన్ని. "దుకాణంల ఖర్జూరం తోట పెడుతున్నవా?" అని వెక్కిరించేది.

ఆ ఖర్జూరాలు సౌదీ నుంచి వచ్చేవి. ఆపా తమ్ముడు అక్కడ ఏదో ఆఫీసులో చాయ్‌ అందించే పనిలో ఉండేవాడు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు అత్తరు సీసాల మధ్య ఒక కంబళిలో చుట్టి ఆ గోలీ మౌసును తెచ్చాడు. అక్కడి ఇంజనీరు ఒకాయన చేతినొప్పికి దాన్ని వాడేవాడట, కొత్తది వచ్చాక పాతది ఇతనికి ఇచ్చేశాడట. అక్క చెయ్యి సంగతి తమ్ముడికి తెలుసు. ఏళ్ల తరబడి టైపు మిషను మీద గుద్దీ గుద్దీ ఆపా కుడి మణికట్టు ఏనాడో అరిగిపోయింది. మామూలు మౌసు పట్టుకుంటే మొహం వంకర పోయేది.

"మీ తమ్ముడు గంత దూరం పోయి గోలీలాడుతుండా ఆపా?" అన్నాను. "చూడు ఒకపారి" అని ఆమె లేచి నాకు కుర్చీ ఇచ్చింది. నేను దాన్ని పట్టుకుని అలవాటు చొప్పున బల్లంతా దున్నాను. ఆ చివరి నుంచి ఈ చివరికి తోశాను. తెర మీద బాణం గుర్తు ఉన్నచోటే ఉంది. "సౌదీది గదా ఆపా, దీనికి తెలుగు రాదు" అని తీర్పు చెప్పి లేచాను. ఆపా నవ్వి, కూర్చుని, బొటనవేలితో మెల్లగా దొర్లించింది. బాణం గుర్తు నీళ్ల మీద ఆకులా జారింది. కొన్నాళ్లకు ఆమె మొహంలో ఆ వంకర మాయమైంది. ఆ వస్తువును నేను అప్పటికీ గౌరవించలేదు. ముసలివాళ్ల చేతికర్ర లాంటిదే కదా అనుకున్నాను.

అప్పుడే రాష్ట్రం కోసం ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. ఇవాళ దీక్ష, రేపు బంద్‌, ఎల్లుండి వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండి, అక్కడే కూర్చుని తినేవాళ్లు. డప్పు చప్పుడు లేని పూట ఉంటే ఏదో పండుగ తప్పినట్టు ఉండేది. ప్రతి శిబిరానికీ ఒక ఫ్లెక్సీ, ప్రతి ఫ్లెక్సీ మీదా కమిటీలోని అందరి తలకాయలు. ఊళ్లో అన్నిటికీ బందే గానీ తలకాయలకు బంద్‌ లేదు. మా వైపు శిబిరానికి పెద్ద, ఇనుప సామాను దుకాణం యాదగిరన్న. రోజూ పొద్దున్నే వచ్చి నా వెనక నిలబడేవాడు.

"రేణుకా, నా తలకాయ జర పెద్దగ పెట్టవే."

"ఉన్నదే పెద్దగున్నదన్నా. ఇంక పెంచితే తెలంగాణ అన్న అక్షరాలకు జాగ ఉండది."

"మరి గా వకీలు సారుది నాకన్న పెద్దగ కనవడుతుంది?"

"ఆయనది తలకాయ పెద్దది గాదన్నా, జుట్టు పెద్దది."

జుట్టే నా పాలిట శత్రువు. ఒక్కో ఫోటోలోంచి మనిషిని కత్తిరించి తీయాలి. కత్తెరతో కాదు, మౌసుతో. చెవి చుట్టూ, మీసం చివర, గాలికి లేచిన వెంట్రుకల చుట్టూ చుక్క పెట్టి జరుపు, చుక్క పెట్టి జరుపు. ఆపా ఉర్దూ పనీ టైపు పనీ చూసుకునేది, తలకాయలన్నీ నావి. సిద్దిపేటలో ఎవరికి ఎక్కడ బట్టతల మొదలయిందో వాళ్ల ఇంటావిడకంటే ముందు నాకు తెలిసేది.

మొదట బొటనవేలికి తిమ్మిరి వచ్చింది. తర్వాత దాని పక్క వేళ్లకు. చెయ్యి నిద్రపోయిందేమో అనుకున్నాను, లేపితే లేవలేదు. మణికట్టు లోపల దబ్బనంతో పొడిచినట్టు ఉండేది. పొద్దున చెంబు పట్టు దొరికేది కాదు, జడ సగంలో ఆగేది. అవ్వ తవుడు వేయించి మూట కట్టి కాపడం పెట్టింది, నువ్వుల నూనె రుద్దింది. "కూసోని ఎలుకను దువ్వుడే గదనే నీ పని, గింత నొప్పేందే?" అంటూనే రుద్దింది. నవ్వాను. కానీ లోపల భయం పట్టుకుంది. చెయ్యి బాగాలేదని ఆపాకు చెబితే షాపు పోతుంది. షాపు పోతే చాట. కానీ ఈ చేతితో బీడీ కూడా చుట్టలేను. నాకు చదువు లేదు, పొలం లేదు. ఉన్నదల్లా ఆ కుడిచెయ్యే. లెక్కలు రాని నాకు ఆ లెక్క మాత్రం బాగా వచ్చింది. అందుకని నోరు మూసుకున్నాను. అంటే, ఆ ఒక్క విషయంలో. మిగతా విషయాల్లో మామూలుకంటే ఎక్కువ వాగాను. చేతిలోంచి గ్లాసు జారితే, "తెలంగాణ భూమి ఆపా, గుంజుకునే గుణం ఎక్కువ" అనేదాన్ని.

ఆపా బంధువుల పెళ్లికి చేర్యాలకు పోయిన రోజున యాదగిరన్న ఫోటోల కట్టతో వచ్చాడు. మర్నాడు వంటావార్పు. పెద్ద ఫ్లెక్సీ కావాలి, కమిటీ మొత్తం ఉండాలి. రెండు తలకాయలు కత్తిరించేసరికి నా చెయ్యి ఆగిపోయింది. చుక్క ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడుతోంది. కన్నీళ్లు వచ్చాయి గానీ, గిరాకీ ముందు ఏడిస్తే షాపు పరువు పోతుంది. అప్పుడు ఒక ఇకమతు తోచింది. అంతకుముందు ఎప్పుడో ఒక రైతు బొమ్మ నుంచి తెల్లని రుమాలును, అంటే తలపాగాను, శుభ్రంగా కత్తిరించి పెట్టుకున్నాను. దాన్ని తెచ్చి మూడో తలకాయ మీద పెట్టాను. జుట్టు మాయం! చెవులు మాయం! కత్తిరించే పనే లేదు. ఇంకేం, ఒక్కొక్కరికీ పెట్టుకుంటూ పోయాను. వకీలు సారుకు, పంతులు గారికి, బట్టతల యాదగిరన్నకు, అందరికీ అదే రుమాలు.

మర్నాడు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. యాదగిరన్న షాపులోకి దూసుకొచ్చాడు. కొట్టడానికే అనుకుని స్టూలు అడ్డం పెట్టుకున్నాను. "ఏం కొట్టినవే రేణుకా! అందరం రైతుబిడ్డల లెక్క ఎట్ల కనవడుతున్నం! మా ఇంటామె సుత గుర్తువట్టలే!" అన్నాడు. వకీలు సారు ఒక్కడే, పుట్టి బుద్ధెరిగాక రుమాలు చుట్టలేదని గొణిగాడు. అది కూడా ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటో దిగాకనే. మధ్యాహ్నానికి ఇంకో వాడకట్టువాళ్లు వచ్చి, "మాకు గూడ రుమాలు పెట్టి కొట్టు" అన్నారు. నా పేరు మోగిపోయింది.

చేర్యాల బస్సు దిగి వచ్చిన ఆపా సంచి కింద పెట్టింది. చౌరస్తా మీదుగానే వచ్చింది కాబట్టి ఫ్లెక్సీ చూసే ఉంటుంది. ఖర్జూరం పెడుతుందని ఎదురు చూశాను. పెట్టలేదు, నవ్వలేదు.

"అందరికి ఒక్కటే రుమాలు" అంది. "మడత గూడ ఒక్కటే."

"డిజైన్‌ ఆపా."

"చెయ్యి ఇటు తే."

ఇచ్చాను. మణికట్టు నడుమ బొటనవేలితో కొంచెం నొక్కింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఎన్ని దినాల సంది?"

"గిప్పుడే ఆపా, నువ్వు నొక్కినంక."

"రేణుకా."

ఆమె నన్ను పేరుతో అంత మెల్లగా ఎప్పుడూ పిలవలేదు. ఎన్నాళ్ల నుంచో నవ్వుల కింద దాచినదంతా ఒక్కసారి పొంగింది, ఏడ్చాను. ఆపా కుర్చీ నా పక్కకు జరుపుకుంది. "నాకెట్ల తెలిసిందో చెప్పన్నా? నేను టైప్‌ కొట్టే దినాలల్ల గిట్లనే నొచ్చింది. ఎవరికి చెప్పలే. పొడుగు మాటలు ఇడిసిపెట్టి పొట్టి మాటలు ఏరుకోని కొట్టిన. కాగితం శానా చిన్నగ, సక్కగొచ్చిందమ్మా అని వకీళ్లు మెచ్చుకున్నరు. నీ రుమాలు నా పొట్టి మాటలసొంటిదే. మెచ్చుకునేటోళ్లు మెచ్చుకుంటనే ఉంటరు, చెయ్యి పోతనే ఉంటది." దుపట్టా కొంగుతో నా మొహం తుడిచి మళ్లీ తిట్లలోకి దిగింది. "నీకు గింత నోరున్నది, నీ చెయ్యికి లేదు. దాని తరఫున నువ్వు గాక ఎవలు మాట్లాడాలె? బయట ఊరంతా మాది మాకియ్యిన్రి అని ఒర్రుతుంది. నువ్వు లోపట కూసోని నా చెయ్యి నొస్తుందని గింత మాట అననీకి శరం పడుతున్నవా?"

బయట రోడ్డు మీద వంట పొగ, నినాదాలు. ఎంత భయం లేకుండా అడుగుతున్నారో, ఎంతమంది అడుగుతున్నారో చెవులారా వింటూనే, నాది అన్న ఒకే ఒక్క చెయ్యి గురించి నేను అడగలేదు. అడిగితే పోతుందని భయపడ్డాను. అడగకపోవడం వల్లే పోతోందని ఆపా చెప్పేదాకా తోచలేదు.

దవాఖానకు ఆపాయే తీసుకుపోయింది. డాక్టరమ్మ నా వేళ్లను సూదితో తాకి చూసి, మణికట్టు దగ్గర నరం నలుగుతోందని, ఇట్లాగే సాగితే వేళ్లకు స్పర్శ పోతుందని, తర్వాత కోసి సరిచేయాల్సి వస్తుందని చెప్పింది. "పని మానాల్నా అమ్మా, పని తీరు మారాల్నా?" అని అడిగింది ఆపా. "కొద్దిరోజులు మానాలి. తర్వాత తీరు మారాలి" అంది డాక్టరమ్మ. ఆపా తల ఊపింది, బేరం కుదిరినట్టు. చేతికి పట్టీ వేయించుకుని బయటికి వచ్చాక, "ఇంక నన్ను రావద్దంటవా ఆపా?" అని అడిగాను. "ఎందుకు రావద్దు? నోరు బాగనే ఉన్నది గద. గిరాకీలను అర్సుకో" అంది.

అట్లా నా చేతికి సెలవు, నోటికి పని వచ్చింది. తలకాయల పనిని వేరే షాపుకు పంపి, యాదగిరన్నతో దెబ్బలాడే పనిని నాకు ఇచ్చింది. పట్టీ విప్పిన రోజున వచ్చి చూస్తే, ఆపా బల్ల మీద ఉండాల్సిన గోలీ మౌసు నా బల్ల మీద ఉంది.

"గిది ఇంకెల్లి నీది."

"మరి నీకో?"

"నాకు యాష్టకొచ్చింది. నీ మొకం లెక్క రోజు దాని మొకం ఏం జూస్త?"

ఈసారి దాన్ని బల్ల మీద దున్నలేదు. నేర్చుకోవడం మాత్రం ఎగతాళి చేసినంత సులువు కాదు. గోలీని కొంచెం తాకితే బాణం గుర్తు తాడు తెంపుకున్న మేకలా తెర అవతలికి దూకేది. యాదగిరన్న చెవిని రెండుసార్లు కోసేశాను. "చెవులు లేకుంటెనే మంచిదన్నా, మందిమాట వినపడది" అని సర్దిచెప్పాను. ఆపా పక్కన కూర్చుని, మోచెయ్యి బల్ల మీద ఆనేటట్టు కుర్చీ ఎత్తు చేసింది, కాళ్ల కింద రెండు ఇటుకలు పెట్టింది. "గట్టిగ నొక్కకు. గోలీని నువ్వు తిప్పకు, అదే తిరుగుతది, నువ్వు జర సైగ జెయ్యి" అనేది. మెల్లగా చేతికి తెలిసింది. ముందు చుక్కలు కుదిరాయి, తర్వాత చెవులు, చివరికి వకీలు సారు జుట్టు. పొద్దున చెంబు పట్టు దొరికింది. ఒకరోజు జడ చివరిదాకా అల్లుకున్నాను. అవ్వ చూసి, కాపడం మూటను అటక మీద పెట్టింది.

అయితే మణికట్టుకు సుఖం దొరికిందని నేను ఆగకుండా పని చేయసాగాను, ఈసారి బొటనవేలి మొదలు గుంజింది. ఆపా దానికి తన మందు కనిపెట్టింది. అడుగున ఉన్న రంధ్రంలోంచి పెన్సిలుతో నెడితే గోలీ బయటికి వస్తుంది. లోపల ఆవగింజలంత పూసలుంటాయి, వాటి చుట్టూ మురికి పేరుకుంటుంది. వారానికోసారి తుడిస్తే చాలు. ఆపా మాత్రం చాయ్‌ వచ్చిన ప్రతిసారీ వచ్చి గోలీని నెట్టి, తన ఖర్జూరాల డబ్బా మూతలో వేసుకుని పోయేది. గోలీ లేకపోతే నేను పని చేయలేను, గిరాకీ నాతో చేయించలేడు. "గోలీ ఏదమ్మా?" అని వాళ్లు అడిగితే, చాయ్‌ ఊదుకుంటూ, "చాయ్‌కు పోయింది" అనేది. మనిషి ఆగుతానంటే ఒప్పుకోనివాళ్లు కూడా గోలీ లేదంటే ఒప్పుకునేవాళ్లు. నన్ను నాకు అప్పగిస్తే ఆగనని ఆమెకు తెలుసు. అందుకే గోలీని తన దగ్గర పెట్టుకుంది.

ఆ చాయ్‌ల దగ్గరే నేనొకటి గమనించాను. ఆపా గ్లాసును రెండు చేతులా పట్టుకుని తాగుతోంది. "ఏంది ఆపా, చాయ్‌కు దువా జేస్తున్నవా?" అన్నాను.

"చలి పెడుతుంది."

అప్పుడు ఎండాకాలం. ఫ్యాన్‌ కింద ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఆమె మళ్లీ మామూలు మౌసు పట్టుకుని కూర్చోవడం, మధ్యలో దాన్ని ఎడమచేతికి మార్చుకోవడం, అన్నీ చూస్తూనే ఉన్నాను గానీ అప్పటిదాకా ఒకచోట చేర్చుకోలేదు. మర్నాడు పొద్దున ఆపా రాకముందే గోలీ మౌసును తీసి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె వచ్చి, తీగ చుట్టి, తెచ్చి మళ్లీ నా బల్ల మీదే పెట్టింది.

"ఇద్దరం మార్చుకుంట చేద్దాం ఆపా. పొద్దుగాల నీకు, పగటీలి నాకు."

"వినవే. నాది పోయిన చెయ్యి, నీది పోతున్న చెయ్యి. ఇంట్ల ఒక్కటే మందుంటే ఎవరికి పెడుతవు?"

"ఇంకోటి తెద్దాం."

"తెద్దాం. దొరికితె నేనే ముందుగాల తీసుకుంట, సరేనా?"

హైదరాబాదుకు పోయినవాళ్లందరికీ చెప్పి చూశాం. గోలీ కింద ఉండే పాతకాలపు మౌసులే తెచ్చి ఇచ్చారు. ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే ఇంటికి వస్తుంది. అప్పుడు మాకు ఆ దారి తెలియదు. తమ్ముడికి చెబితే, ఆ ఆఫీసే ఎత్తేశారట. ఆపా ఇంక డిజైన్లు ముట్టుకోలేదు. నా పక్కన కూర్చుని నోటితో చెప్పేది, నేను చేసేదాన్ని. రంగు పక్కన రంగు ఎందుకు కుదరదో, అక్షరాల చుట్టూ ఎంత ఖాళీ వదలాలో, చేతిలో ఉన్నదంతా నా చెవిలో పోసింది. "మేమిద్దరం కలిస్తె ఒక్క మనిషి. నోరు ఆపాది, చెయ్యి నాది" అని గిరాకీలతో అనేదాన్ని. "అబద్ధం, నోరు సుత దానిదే" అనేది ఆపా.

రాష్ట్రం వస్తుందని వార్త ఖాయమైన మధ్యాహ్నం గల్లీ అంతా గులాలు. టపాకాయలు, డప్పులు, ముక్కూమొహం తెలియనివాళ్లు కౌగిలించుకోవడాలు. యాదగిరన్న నెత్తి మీద నిజం రుమాలు చుట్టుకుని, మనుషులను వెంటేసుకుని షాపులో పడ్డాడు. వెంటనే ఫ్లెక్సీ కావాలి, ఊరేగింపు బయలుదేరుతోంది. నేను కూర్చున్నాను. చేస్తూనే ఉన్నాను. నా వెనక అందరూ తలా ఒక మాట చెబుతున్నారు. ఇంతలో చాయ్‌ వచ్చింది. ఆపా మనుషులను తోసుకుంటూ వచ్చి, మౌసు ఎత్తి, గోలీని మూతలో వేసుకుంది. టంగుమంది.

"అయ్యో ఆపా! గిప్పుడా? రాష్ట్రమొచ్చింది!" అని అరిచాడు యాదగిరన్న.

"ముబారక్‌" అంది ఆపా. "గిన్నేండ్లు ఆగింది గద రాష్ట్రం. ఒక్క చాయ్‌ సేపు ఆగదా?"

ముందు యాదగిరన్న నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఎవరో చాయ్‌ ఇంకా తెప్పించారు. మా చిన్న షాపులో, గుమ్మం మెట్ల మీద, మొహాలకు రంగులతో కూర్చుని అంత గుంపూ చాయ్‌ తాగింది. ఆపా రెండు చేతుల మధ్య గ్లాసు పట్టుకుని, అందరినీ చూస్తూ, ఊదుకుంటూ, తొందర లేకుండా తాగింది. ఆమె తాగడం అయ్యేదాకా ఎవరూ గోలీ అడగలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆపా షాపు నాకు అప్పగించి ఇంటి పట్టున ఉండిపోయింది. శుక్రవారం శుక్రవారం వెళ్లేదాన్ని. నన్ను చూడగానే ఎట్లున్నవని ఎన్నడూ అడగలేదు. "చెయ్యెట్లున్నది?" అనే అడిగేది. "మంచిగున్నది, నిన్ను అడిగినట్టు చెప్పుమన్నది" అనేదాన్ని. మొదటి ట్రాక్‌బాల్‌ మీటలు అరిగి ఎప్పుడో పనికిరాకుండా పోయింది. కొత్తది వచ్చిన రోజున, ఆపాకూ ఒకటి తెప్పించి ఇంటికి తీసుకుపోయాను. "గిప్పుడెందుకే" అని నవ్వి, పాతదాని ఎర్ర గోలీని ఇమ్మంది. మంచం మీద కూర్చుని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో దొర్లించింది. బాణం గుర్తు లేదు, తెర లేదు, ఉత్త గోలీ. చాలాసేపు దొర్లించి, నా గుప్పిట్లో పెట్టి మూసింది. ఆ చలికాలంలోనే ఆమె పోయింది.

ఇప్పుడు షాపులో ఇద్దరు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు, ముగ్గురికీ మూడు గోలీలున్నాయి. మూతలో మోగేది మాత్రం ఆపా గోలీయే. అది మౌసులో ఉండదు, డబ్బాలో ఉంటుంది. చాయ్‌ వేళకు దాన్ని మూతలో వేస్తాను, తర్వాత మా గోలీలు తీస్తాం. నొప్పి పుడితే చెప్పాలని పిల్లలకు చెప్పాను. చెప్పరని తెలుసు, నేను చెప్పానా? అందుకే ఎవరి డిజైన్‌లోనైనా పని తప్పించుకున్న జాడ కనిపిస్తే మెచ్చుకోను, చెయ్యి ఇటు తెమ్మంటాను.

నిన్న ఆ పెళ్లికొడుక్కి కూడా చాయ్‌ ఇచ్చాను. అంచుదాకా నిండిన గ్లాసు, వేడి. బల్ల ఇవతలి నుంచి అవతలికి, అతని చేతిదాకా, ఒక్క చుక్క ఒలకకుండా అందించాను. ఒక్క చేత్తో. అందులో విశేషం ఏముందో అతనికి తెలియదు.